ఆ బ్యాక్‌స్లాష్‌ని చదివేది ఎవరు?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట పేర్చుకుని చూస్తే సగానికి పైగా ఒకే గుర్తు చుట్టూ తిరుగుతున్నాయి. ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి వాలిన చిన్న గీత, \ అన్నమాట. ఒకరికి ఫైల్ తెరుచుకోవట్లేదు, ఒకరికి కొత్త లైన్ రావట్లేదు, ఇంకొకరికి తెలుగు కనిపించట్లేదు. అందరినీ ఇబ్బంది పెడుతున్నది అదొక్కటే కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, పైథాన్ మొదలుపెట్టి రెండు వారాలైంది. డెస్క్‌టాప్ మీదున్న ఫైల్‌ని తెరుద్దామని విండోస్ చూపించిన అడ్రస్‌ని కాపీ చేసి కోట్స్ మధ్య పెట్టాను. ఫైల్ తెరుచుకోవడం సంగతి అటుంచితే ప్రోగ్రామ్ మొదలే కావట్లేదు, యూనికోడ్ ఎర్రర్ అంటోంది. అదే ఫైల్‌ని డి డ్రైవ్‌లో ‘నా ఫైళ్లు’ అనే ఫోల్డర్‌లో పెడితే మాత్రం చక్కగా తెరుచుకుంది. ఫైల్‌లో ఉన్నవన్నీ అంకెలే, మరి యూనికోడ్ గొడవ ఎక్కడి నుంచి వచ్చింది?
— ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, ఫైల్‌లో తప్పేమీ లేదు, దాని అడ్రస్ రాసిన తీరులో ఉంది. సి డ్రైవ్ తర్వాత వచ్చే ఫోల్డర్ పేరు యూజర్స్ కదా, దాని మొదటి అక్షరం పెద్ద ‘యు’, దానికి ముందు ఒక బ్యాక్‌స్లాష్ ఉంది. ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తే పైథాన్ దాన్ని ఫోల్డర్ పేరుగా చూడదు. ‘ఇప్పుడు ఎనిమిది హెక్సా అంకెలు వస్తాయి, అవి ఒక యూనికోడ్ అక్షరం నంబర్’ అనుకుని వాటి కోసం ముందుకి చూస్తుంది (యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చిన పట్టిక). నీ అడ్రస్‌లో అక్కడ ‘ఎస్’ ఉంది. హెక్సా అంటే పదహారుల లెక్క, అందులో 0 నుంచి 9, ఆ తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకే అంకెలు కాబట్టి ‘ఎస్’ అంకె కాదు. ఇక అక్కడే ఆగిపోయింది. ఇదంతా ప్రోగ్రామ్ నడవకముందే, పైథాన్ నీ కోడ్‌ని చదివే దశలోనే జరుగుతుంది, అందుకే ఒక్క లైన్ కూడా నడవలేదు.

ఇక్కడ ఒక విషయం బాగా పట్టుకో, ఈ నెల మిగతా జవాబులన్నీ దీని మీదే నిలబడతాయి. కోట్స్ మధ్య నువ్వు రాసింది స్ట్రింగ్ (అంటే ప్రోగ్రామ్ వాడుకునే అక్షరాల వరుస) కాదు, స్ట్రింగ్ ఎలా ఉండాలో పైథాన్‌కి చెప్పే రాత. ఆ రాతని పైథాన్ చదివి, బ్యాక్‌స్లాష్‌లని విప్పి, ఆ తర్వాత అసలు స్ట్రింగ్‌ని మెమరీలో తయారుచేస్తుంది. రాసేది ఒకటి, తయారయ్యేది ఒకటి. చాలాసార్లు రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తేడా ఉందన్న సంగతే మనకి గుర్తుండదు.

మరి డి డ్రైవ్‌లో ఎలా పనిచేసింది? బ్యాక్‌స్లాష్ తర్వాత ‘నా’ వచ్చింది. బ్యాక్‌స్లాష్‌తో మొదలై ప్రత్యేక అర్థమిచ్చే గుర్తుల్ని ఎస్కేప్‌లు అంటారు. ఇలాంటి ఎస్కేప్ పైథాన్‌కి తెలీదు, తెలియనప్పుడు బ్యాక్‌స్లాష్‌ని కదపకుండా అలాగే వదిలేస్తుంది. అంటే అది సరైన రాత అయి పనిచేయలేదు, నీ అదృష్టం కొద్దీ పనిచేసింది. అదే ఫోల్డర్ పేరు ఇంగ్లీషు చిన్న ‘ఎన్’తో మొదలై ఉంటే అడ్రస్ మధ్యలో ఒక కొత్త లైన్ వచ్చి పడేది, చిన్న ‘టి’ అయితే ట్యాబ్ వచ్చేది. అప్పుడు ఇలాంటి స్పష్టమైన ఎర్రర్ కూడా రాదు, ఫైల్ తెరవలేకపోతున్నా అని మాత్రం చెబుతుంది, నువ్వేమో ఫైల్ ఉన్నచోటే ఉంది కదా అని జుట్టు పీక్కుంటావు. ఈ వదిలేసే అలవాటు మంచిది కాదని పైథాన్ వాళ్లకీ తెలుసు. 3.6 వెర్షన్ నుంచి ఇలాంటి ఎస్కేప్‌ల మీద హెచ్చరిక మొదలుపెట్టారు, కానీ అది మామూలుగా కంటికి కనిపించేది కాదు. 3.12 నుంచి సింటాక్స్ వార్నింగ్‌గా అందరికీ కనిపిస్తోంది. జావాస్క్రిప్ట్ ఇంకో రకం, తెలియని ఎస్కేప్ వస్తే బ్యాక్‌స్లాష్‌ని చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. జావా, సి షార్ప్, గో మాత్రం ఇది నాకు తెలీదు అని కంపైల్ చేయడానికే ఒప్పుకోవు. నన్నడిగితే ఆ మొహమాటం లేని పద్ధతే మేలు, తప్పు రాసిన రోజే తెలిసిపోతుంది.

దిద్దుకోవడానికి మూడు దారులున్నాయి. ప్రతి బ్యాక్‌స్లాష్‌నీ రెండుసార్లు రాయి, \\ అని రాస్తే స్ట్రింగ్‌లో ఒక్కటే ఉంటుంది. లేదా మొదటి కోట్‌కి ముందు చిన్న ‘ఆర్’ పెట్టు, దాన్ని రా స్ట్రింగ్ అంటారు, లోపల ఎస్కేప్‌లు విప్పొద్దని పైథాన్‌కి చెప్పినట్టు. లేదంటే అడ్రస్ మొత్తం మామూలు స్లాష్‌తో, అంటే / తో రాసెయ్, పైథాన్‌లో ఫైల్ తెరిచేటప్పుడు విండోస్ దాన్నీ ఒప్పుకుంటుంది. నేను మూడోదే వాడతాను, కంటికి హాయిగా ఉంటుంది. రా స్ట్రింగ్‌లో ఒక చిక్కు కూడా ఉంది. అడ్రస్ చివర ఒకే ఒక్క బ్యాక్‌స్లాష్ ఉంటే అది మూసే కోట్‌ని పట్టుకుని ఉండిపోతుంది, స్ట్రింగ్ ముగియలేదని ఎర్రర్ వస్తుంది. ఎస్కేప్‌లు విప్పదన్న మాట నిజమే కానీ \" అని పక్కపక్కన ఉంటే అక్కడ స్ట్రింగ్ ముగియదన్న నియమం మాత్రం రా స్ట్రింగ్‌లోనూ ఉంది.

అసలు విండోస్‌కే ఈ గుర్తు ఎందుకంటావా? ఎంఎస్ డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లు లేవు, స్లాష్‌ని కమాండ్‌ల ఆప్షన్లకి వాడేశారు. 1983లో రెండో వెర్షన్‌తో ఫోల్డర్లు వచ్చేసరికి స్లాష్ ఖాళీగా లేదు, దాని అద్దంలో బొమ్మని తీసుకున్నారు. సి భాష అప్పటికే ఆ గుర్తుని ఎస్కేప్‌కి వాడుతోంది. ఆ రెండు నిర్ణయాలు ఢీకొన్న చోట ఇప్పుడు నువ్వు నిలబడ్డావు.

ప్రశ్న: మీరు చెప్పినట్టే \\ అని రాశాను. కానీ పైథాన్ విండోలో వేరియబుల్ పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే రెండు బ్యాక్‌స్లాష్‌లూ అలాగే కనిపిస్తున్నాయి. ఒక్కటే ఉంటుంది అన్నారుగా?

జవాబు: ఒక్కటే ఉందండి. పేరు టైప్ చేసి ఎంటర్ కొడితే పైథాన్ చూపించేది స్ట్రింగ్‌ని కాదు, ఆ స్ట్రింగ్‌ని కోడ్‌లో రాయాలంటే ఎలా రాయాలో దాన్ని చూపిస్తుంది. చుట్టూ కోట్స్ కనిపించడమే దానికి గుర్తు. ప్రింట్ చేసి చూడండి, ఒక్కటే వస్తుంది. నమ్మకం కుదరకపోతే పొడవు అడగండి, "\\" పొడవు 1 అనే చెబుతుంది. కనిపించిన రెండిట్లో ఒకటి తీసేద్దామని రీప్లేస్ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, లేని దాన్ని తీయబోయి ఉన్న దాన్ని చెడగొట్టుకుంటారు.

ప్రశ్న: నా ప్రోగ్రామ్‌లో కొత్త లైన్ కోసం బ్యాక్‌స్లాష్ ఎన్ రాస్తే బాగానే పనిచేస్తోంది. అదే మాటని ఒక సెట్టింగ్స్ ఫైల్‌లో పెట్టి అక్కడి నుంచి చదివితే మాత్రం కొత్త లైన్ రాకుండా బ్యాక్‌స్లాష్, ఎన్ రెండూ అక్షరాల్లాగే స్క్రీన్ మీద పడుతున్నాయి. ఫైల్ మార్చి చూశాను, లైబ్రరీ మార్చి చూశాను. రెండు చోట్లా ఒకటే రాత కదండీ?

జవాబు: రాత ఒకటే, చదివేవాళ్లు వేరు. కోడ్‌లో రాసిన స్ట్రింగ్‌ని కంపైలరో ఇంటర్‌ప్రెటరో, అంటే మన కోడ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామ్, చదువుతుంది, ఎస్కేప్‌లు విప్పే పని దానిది. ఫైల్ నుంచి వచ్చినది, యూజర్ టైప్ చేసినది, నెట్‌వర్క్ నుంచి వచ్చినది దాని కంటబడనే పడదు, ఎందుకంటే అది తన పని ముగించుకుని వెళ్లిపోయాకే ఆ సమాచారం వస్తుంది. కాబట్టి ఫైల్‌లో బ్యాక్‌స్లాష్, ఎన్ అని రెండు అక్షరాలుంటే మీ చేతికి ఆ రెండు అక్షరాలే వస్తాయి.

ఇది నేను కష్టపడి నేర్చుకున్న పాఠం. ఒక ప్రాజెక్టులో సర్వర్‌కి ఒక రహస్య కీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ కీ పాతిక లైన్ల పైన ఉంటుంది, లైన్ ఎక్కడ తెగాలో అక్కడే తెగాలి. సర్వర్ సెట్టింగ్స్‌లో మాత్రం ఒకే లైన్ పట్టే డబ్బా ఉంది. అందుకని లైన్ తెగే ప్రతి చోటా బ్యాక్‌స్లాష్ ఎన్ పెట్టి, అంతా ఒకే పొడుగాటి లైన్‌గా చేసి అతికించాను. నా కంప్యూటర్లో అదే కీ కోడ్ మధ్యలో ఉండేది కాబట్టి పనిచేసింది, సర్వర్‌లో మాత్రం కీ చెల్లదు అంటోంది. కీ తప్పేమోనని కొత్తది తెప్పించుకున్నాను, అదీ చెల్లలేదు. రాత్రి చాలా పొద్దుపోయాక, ఇక వేరే దారి లేక, ఆ సమాచారాన్ని బైట్ల రూపంలో చూపించే హెక్స్ వ్యూయర్‌లో తెరిచి చూశాను. కొత్త లైన్ ఉండాల్సిన చోట 0ఎ అనే ఒక్క బైట్ కనిపించాలి, అంటే 10. అక్కడ 5సి, 6ఇ అని రెండు బైట్లు పక్కపక్కన ఉన్నాయి. 5సి అంటే బ్యాక్‌స్లాష్, 6ఇ అంటే ఎన్. చూడగానే అర్థమైంది. స్క్రీన్ మీద చూసినంత సేపూ ‘కొత్త లైన్ ఉందిగా’ అని నా కళ్లే నన్ను నమ్మించాయి, బైట్లు చూశాక ఇక వాదించడానికేమీ మిగల్లేదు.

మీరు చేయాల్సింది తేలికే. ఫైల్ నుంచి చదివాక ఆ రెండు అక్షరాల జంటని నిజమైన కొత్త లైన్‌తో రీప్లేస్ చేయండి. కోడ్‌లో ఆ జంటని వెతకాలంటే బ్యాక్‌స్లాష్ రెండుసార్లు రాసి పక్కన ఎన్ పెట్టాలి, దాని బదులు ఒక బ్యాక్‌స్లాష్‌తో ఎన్. కొన్ని సెట్టింగ్స్ లైబ్రరీలు డబుల్ కోట్స్‌లో ఉన్న విలువకి తామే ఎస్కేప్‌లు విప్పుతాయి, మీది ఆ రకమేమో ముందు చూసుకోండి, లేకపోతే రెండుసార్లు విప్పినట్టవుతుంది. పైథాన్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక: యూనికోడ్ ఎస్కేప్ అనే కోడెక్‌తో అన్నీ ఒకేసారి విప్పుకోవచ్చని సలహా ఇస్తుంటారు, ఇంగ్లీషుకి పనిచేస్తుంది గానీ స్ట్రింగ్‌లో తెలుగు ఉంటే ముక్కలు ముక్కలై పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ కోడెక్ ఒక్కో బైట్‌ని ఒక్కో లాటిన్ అక్షరంగా చదువుతుంది, యూనికోడ్ నంబర్లని బైట్లుగా రాసే యుటిఎఫ్ 8 పద్ధతిలో మన ఒక్కో అక్షరమేమో మూడేసి బైట్లు. అందుకే అలా చెడుతుంది.

ప్రశ్న: పీహెచ్‌పీలో కూడా ఇలాగే కొత్త లైన్ రావట్లేదు, కానీ నేను కోడ్‌లోనే రాశాను, ఫైల్ లేదు ఏమీ లేదు.

జవాబు: సింగిల్ కోట్స్‌లో రాసి ఉంటారు. పీహెచ్‌పీ సింగిల్ కోట్స్‌లో \' , \\ ఈ రెండే విప్పుతుంది, మిగతావి ఎలా ఉన్నవి అలాగే ఉంచేస్తుంది. డబుల్ కోట్స్‌కి మార్చండి. పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో రెండు కోట్స్‌కీ తేడా లేదు. సి, జావాల్లో సింగిల్ కోట్స్ అంటే ఒకే అక్షరం. ఒక భాష అలవాటుని ఇంకో భాషకి మోసుకెళితే ఇలాగే అవుతుంది.

ప్రశ్న: పైథాన్‌తో తెలుగు పదాల జాబితాని జేసన్ ఫైల్‌గా సేవ్ చేశాను. తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అంతా బ్యాక్‌స్లాష్‌లూ ‘యు’లూ అంకెలూ. నెలల తరబడి పోగేసిన పదాలు, ఫైల్ పాడైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి, ఒక్క అక్షరం కూడా పోలేదు. జేసన్ అంటే సమాచారాన్ని రాతరూపంలో దాచుకునే పద్ధతి, పైథాన్‌లో దాని లైబ్రరీ మామూలుగా ఇంగ్లీషు అక్షరమాల దాటిన ప్రతి అక్షరాన్నీ దాని యూనికోడ్ నంబర్‌గా రాస్తుంది. ‘తెలుగు’ అనే పదాన్నే చూడండి. మన కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌కి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. వాటి నంబర్లు 0సి24, 0సి46, 0సి32, 0సి41, 0సి17, మళ్లీ 0సి41. ఒక్కో నంబర్ ముందు బ్యాక్‌స్లాష్, యు చేరితే ఒక్కొక్కటీ ఆరు గుర్తులు, మొత్తం ముప్పై ఆరు. అదే పదం యుటిఎఫ్ 8లో నేరుగా రాస్తే పద్దెనిమిది బైట్లు. అంటే ఫైల్ సైజు రెట్టింపైంది, అంతకుమించి నష్టం లేదు. మీ ఫైల్‌లో 0సి అనేది పదే పదే కనిపిస్తోందా? తెలుగుకి యూనికోడ్ ఇచ్చిన వరుస 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, అందుకే అది. అదే ఫైల్‌ని ఏ భాషలోని జేసన్ లైబ్రరీతో చదివినా మీ పదాలు మీకు యథాతథంగా తిరిగొస్తాయి.

మనుషులు తెరిచి చదివేలా ఉండాలంటే సేవ్ చేసేటప్పుడు ‘ఎన్ష్యూర్ ఆస్కీ’ అనే ఆప్షన్‌ని ఫాల్స్ చేయండి, ఫైల్ తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యుటిఎఫ్ 8 అని స్పష్టంగా ఇవ్వండి. రెండూ చేయాలి, రెండోది మర్చిపోతే కొన్ని కంప్యూటర్లలో ఇంకో కొత్త ఎర్రర్ వస్తుంది. ఇలాంటి పదాల జాబితాలని తెలుగులోనే కనిపించేలా ఉంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. అక్షరాలు కంటికి కనిపిస్తేనే కదా అచ్చుతప్పు దొరికేది.

ఇంకో రెండు మాటలు. జేసన్‌లో నాలుగు హెక్సా అంకెలకే చోటుంది, ఎమోజీల నంబర్లు అంతకంటే పెద్దవి. అందుకని నవ్వు ముఖం 1ఎఫ్600ని డి83డి, డిఇ00 అని రెండు ముక్కలు చేసి జంటగా రాస్తారు, వాటి మధ్య స్ట్రింగ్‌ని తెంపితే రెండు ముక్కలూ పనికిరావు. రెండో మాట, జేసన్‌లో సింగిల్ కోట్‌కి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టడం తప్పు. జావాస్క్రిప్ట్‌లో చెల్లుతుంది కదా అని పెడతారు, చదివే లైబ్రరీ అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: జావాలో "10.20.30" అనే స్ట్రింగ్‌ని చుక్క దగ్గర విడగొట్టాలని స్ప్లిట్‌కి "." ఇస్తే ఖాళీ జాబితా వస్తోంది. "\." ఇస్తే కంపైల్ కావట్లేదు. ఎవరో "\\." ఇవ్వమన్నారు, ఇచ్చాను, పనిచేసింది. ఎందుకు పనిచేసిందో చెప్పేవాళ్లు లేరు. పైగా బ్యాక్‌స్లాష్‌నే వెతకాలంటే నాలుగు రాయాలట, నిజమేనా?
— ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒక ప్రోగ్రామర్

జవాబు: నిజమే, నాలుగు. మీరు అడిగిన ‘ఎందుకు’ నాకు చాలా నచ్చింది, పనిచేసింది కదా అని వదిలేయలేదు మీరు.

ఇక్కడ చదివేవాళ్లు ఇద్దరు. మొదట జావా కంపైలర్, తర్వాత స్ప్లిట్ వాడే రెజెక్స్ ఇంజిన్, అంటే మనమిచ్చిన నమూనాకి సరిపోయే రాతని వెతికేది. ఇద్దరూ బ్యాక్‌స్లాష్‌నే ఎస్కేప్‌గా వాడతారు, ఇద్దరూ తమ వంతు తాము తీసుకుంటారు. రెజెక్స్‌కి చుక్క అంటే ‘ఏదో ఒక అక్షరం’. అందుకే "." ఇస్తే ప్రతి అక్షరం దగ్గరా విడిపోయి అన్నీ ఖాళీ ముక్కలే మిగిలాయి, చివర్లో ఉన్న ఖాళీ ముక్కల్ని జావా స్ప్లిట్ పారేస్తుంది కాబట్టి చేతికేమీ రాలేదు. నిజమైన చుక్క కావాలంటే రెజెక్స్ ఇంజిన్ చేతికి \. అందాలి. కానీ దారిలో కంపైలర్ ఉంది, దానికి \. అనే ఎస్కేప్ తెలీదు, ఒప్పుకోదు. కాబట్టి "\\." అని రాస్తారు. కంపైలర్ \\ ని ఒక బ్యాక్‌స్లాష్‌గా మార్చి \. ని ఇంజిన్‌కి అందిస్తుంది, ఇంజిన్ దాన్ని చుక్కగా తీసుకుంటుంది.

ఇప్పుడు నాలుగు సంగతి చూడండి. చివరికి వెతకాల్సింది \ . ఇంజిన్‌కి అది \\ గా చేరాలి. కంపైలర్ చేతిలో ఆ రెండూ మిగలాలంటే "\\\\" అని రాయాలి. చివరి నుంచి వెనక్కి, ఒక్కో మనిషి దగ్గర ఆగుతూ లెక్కపెట్టుకుంటే ఎప్పుడూ తప్పు రాదు. జావాలో రీప్లేస్ ఆల్ వాడుతుంటే ఇంకో మెలిక ఉంది, దేని బదులు పెట్టాలో చెప్పే రెండో స్ట్రింగ్‌లోనూ బ్యాక్‌స్లాష్‌కీ డాలర్ గుర్తుకీ ప్రత్యేక అర్థాలున్నాయి, అక్కడా మళ్లీ లెక్కపెట్టాలి. జావా 15లో స్థిరపడిన టెక్స్ట్ బ్లాక్స్ ఈ బాధ తీరుస్తాయని కొందరు అనుకుంటారు. తీర్చవు, కోట్స్ సౌకర్యంగా రాసుకోవచ్చు గానీ ఎస్కేప్‌లు అక్కడా విప్పుతుంది.

పైథాన్ వాళ్లు రెజెక్స్ ఎప్పుడూ రా స్ట్రింగ్‌లోనే రాయమని మొత్తుకునేది అందుకే. అక్కడ నన్ను అన్నిటికంటే భయపెట్టేది బ్యాక్‌స్లాష్ బి. రెజెక్స్‌కి అది పదం అంచు, పైథాన్ మామూలు స్ట్రింగ్‌కి అది బ్యాక్‌స్పేస్, అంటే 8వ నంబర్ గుర్తు. రా స్ట్రింగ్ మర్చిపోతే ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు, వెతికేది మాత్రం దొరకదు. ఎర్రర్ ఇచ్చే తప్పుని ఒక పూటలో పట్టుకోవచ్చు, ఇలా మౌనంగా ఉండే తప్పు వారాలు తినేస్తుంది.

ప్రశ్న: యూజర్ ఇచ్చిన పేరులో సింగిల్ కోట్ ఉంటే నా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశం) విరిగిపోతోంది. ప్రతి కోట్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టే చిన్న ఫంక్షన్ రాసుకున్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు, దయచేసి ఈరోజే తీసేయండి. ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌లో కోట్‌ని ఎస్కేప్ చేసేది దాన్నే రెండుసార్లు రాసి, అంటే '' అని, బ్యాక్‌స్లాష్‌తో కాదు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా బ్యాక్‌స్లాష్‌నీ ఒప్పుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి మామూలు కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ ఉత్త అక్షరమే. అంటే మీ ఫంక్షన్ ఒక డేటాబేస్‌లో పనిచేసినట్టు కనిపించి ఇంకో దాంట్లో తలుపులు బార్లా తెరిచి పెడుతుంది. పైగా యూజర్ తనే \' అని ఇస్తే? మీరు కోట్ ముందు ఇంకో బ్యాక్‌స్లాష్ పెడితే అది \\' అవుతుంది. మొదటి రెండూ కలిసి ఒక బ్యాక్‌స్లాష్‌గా మారిపోతాయి, కోట్ స్వేచ్ఛగా బయటికి వచ్చి మీ స్ట్రింగ్‌ని మూసేస్తుంది, ఆ తర్వాత వచ్చేదంతా మీ డేటాబేస్‌కి ఆదేశమే. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటే ఇదే.

విలువ రావాల్సిన చోట ? పెట్టి, విలువని వేరుగా పంపండి. పారామీటర్లు అంటారు, ప్రతి డేటాబేస్ లైబ్రరీలోనూ ఉన్నాయి, కొన్నిట్లో ఆ గుర్తు వేరేలా ఉంటుంది. అప్పుడు యూజర్ రాసింది ఎస్‌క్యూఎల్‌గా ఎవరూ చదవరు, ఎస్కేప్ చేయాల్సిన అవసరమే పుట్టదు. వేరే మనుషుల సమాచారం మీ చేతిలో ఉంది, ఈ ఒక్క విషయంలో అడ్డదారి వద్దు.

ప్రశ్న: దీనికి ఎస్కేప్ అనే పేరెందుకు? దేన్నుంచి తప్పించుకోవడం?

జవాబు: మామూలు అర్థం నుంచి. తర్వాత వచ్చే గుర్తుని మామూలుగా చదవొద్దని చెప్పే గుర్తు అన్నమాట. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ నంబర్లిచ్చిన ఆస్కీ పట్టికలో ఎస్కేప్ అనే పేరుతోనే ఒక గుర్తు ఉంది, నంబర్ 27. కీబోర్డు మూలనున్న మీటకి ఆ పేరు దాన్నుంచే వచ్చింది. టెర్మినల్‌లో రంగులు తెప్పించడానికి ఇప్పటికీ "\033[" అని మొదలుపెడతాం కదా, ఆ 033 అంటే ఎనిమిదుల లెక్కలో 27. ఆస్కీలోకి ఎస్కేప్‌నీ బ్యాక్‌స్లాష్‌నీ రెండిటినీ తెచ్చిన ఘనత అమెరికన్ ఇంజనీర్ బాబ్ బెమర్‌ది. ఆల్గాల్ భాషలో ‘మరియు’, ‘లేదా’ గుర్తుల్ని /\ , \/ అని రాసుకోవడానికి బ్యాక్‌స్లాష్ కావాలనుకున్నారు, ఎస్కేప్ పని దానికి తర్వాత అంటుకుంది. సి భాషకి ముందున్న బి భాషలో ఈ పని చేసింది నక్షత్రం గుర్తు, కొత్త లైన్ అంటే నక్షత్రం, ఎన్. డెనిస్ రిచీ చేతిలో సి తయారయ్యేసరికి అది బ్యాక్‌స్లాష్‌గా మారింది, అక్కడి నుంచి దాదాపు అన్ని భాషలకీ పాకింది.

సి పాత ప్రమాణాల్లో ఇంకో విచిత్రం. అన్ని గుర్తులూ లేని కీబోర్డుల కోసం మూడేసి గుర్తుల సంకేతాలు పెట్టారు, వాటిని ట్రైగ్రాఫ్‌లు అంటారు. దానివల్ల "ఏంటిది??!" అని అమాయకంగా రాస్తే కంపైలర్ దాన్ని "ఏంటిది|" గా మార్చేది. ఆపడానికి ఒక ప్రశ్నార్థకం ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి "ఏంటిది?\?!" అని రాసేవాళ్లు. సి పుస్తకాల్లో \? అనే ఎస్కేప్ ఎందుకుందా అని ఎప్పుడైనా అనుకుంటే, కారణం ఇదే. సి++17లోనూ సి23లోనూ ట్రైగ్రాఫ్‌లు తీసేశారు.

ప్రశ్న: సిలో సున్నా నంబర్ గుర్తు, దాని వెనకే 12 అనే అంకెలు కావాలి. "\012" అని రాస్తే కొత్త లైన్ వస్తోంది!

జవాబు: బ్యాక్‌స్లాష్ తర్వాత ఎనిమిదుల లెక్క అంకెలు మూడు దాకా కలుపుకుని చదువుతుంది, 012 అంటే 10, కొత్త లైన్. "\00012" అని రాయండి. మూడు సున్నాలతో దాని కోటా అయిపోతుంది, 12 విడిగా మిగులుతుంది. లేదా "\0" "12" అని రెండు స్ట్రింగ్‌లుగా పక్కపక్కన పెట్టండి, కంపైలరే అతికిస్తుంది.

ప్రశ్న: తెలుగు పదాలు పోల్చే ప్రోగ్రామ్ రాశాను. రెండు చోట్లా ‘సాఫ్ట్‌వేర్’ అనే ఉంది, అచ్చం ఒకేలా కనిపిస్తోంది, ప్రోగ్రామ్ మాత్రం రెండూ వేరు అంటోంది. అటూ ఇటూ స్పేస్‌లు తీసేశాను, అయినా అంతే.

జవాబు: ఆ పదంలో ‘ట్’ తర్వాత ‘వే’ విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి, నంబర్ 200సి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే ‘వ’ ఒత్తుగా మారి కిందికి దిగిపోతుంది. మరి రెండూ ఒకేలా కనిపిస్తున్నాయంటే ఒకదాంట్లో ఆ గుర్తు ఒకసారి, ఇంకోదాంట్లో రెండుసార్లు పడి ఉండొచ్చు, లేదా పదం చివర ఇంకోటి మిగిలిపోయి ఉండొచ్చు. ‘సాఫ్ట్‌వేర్‌లో’ లాంటి మాటల్లోంచి ‘లో’ కోసేసినప్పుడు చివర అది ఉండిపోవడం చాలా మామూలు. అది స్పేస్ కాదు కాబట్టి స్పేస్‌లు తీసే ఫంక్షన్ దాన్ని ముట్టుకోదు.

ఇన్ని జవాబుల్లో ఎస్కేప్‌ని సమస్యగానే చూశాం, ఇక్కడ మాత్రం మీకు సాయం చేసేది అదే. పైథాన్‌లో ‘ఆస్కీ’ అనే ఫంక్షన్‌కి ఆ రెండు పదాలూ విడివిడిగా ఇచ్చి ప్రింట్ చేయండి. ప్రతి తెలుగు అక్షరం బ్యాక్‌స్లాష్, యు, నంబర్‌గా బయటపడుతుంది. రెండు వరుసల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని ఎడమ నుంచి వేలు పెట్టి చదువుకుంటూ రండి. ఎక్కడో ఒకచోట ఒక వరుసలో 200సి ఉంటుంది, రెండో దాంట్లో ఉండదు. పదం చివర మిగిలినవి తీసేయండి, పక్కపక్కన రెండు పడితే ఒకటి చేయండి, మధ్యలో ఉన్న ఒక్కదాన్ని మాత్రం తీయకండి, తీస్తే పదం రూపమే మారిపోతుంది.